ఫోన్ చేస్తామని అనని మనిషి

మా ఇంట్లో వాషింగ్ మెషీన్ మూలన పడి వారం దాటింది. రిపేరు వాళ్ళకి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు, "మేం ఫోన్ చేస్తాం సార్" అని. నిన్నా అదే అన్నాడు. మామూలుగా అయితే వాడి ఏడు తరాలనీ పలకరించేవాణ్ణి. నిన్న మాత్రం ఫోన్ పెట్టేసి పకపకా నవ్వాను.

"ఇదేం విడ్డూరమండీ! తిట్టాల్సింది పోయి నవ్వుతారేంటి?" అంది మా ఆవిడ, బకెట్లో దుప్పట్లు జాడిస్తూ.

"మా ఆఫీసు మేడం గుర్తొచ్చింది" అన్నాను.

పేరు చెప్పను. చెబితే ఊరుకోదు. ఫిల్మ్‌నగర్‌లో మా డబ్బింగ్ థియేటర్ తెలిసినవాళ్ళకి ఆవిడ పేరుతో పని లేదు కూడా. 'ఆఫీసు మేడం' అంటే చాలు. నేను అక్కడ రికార్డిస్టుని, అంటే అద్దానికి ఇవతల కూర్చుని గొంతులు పట్టేవాణ్ణి. ఆవిడ ముందు గదిలో ఫోన్ దగ్గర. ఏ సినిమాకి ఏ పూట థియేటర్ ఇవ్వాలో, ఏ ఆర్టిస్టు ఎన్నింటికి రావాలో చూసేది ఆవిడే. నేను చేరేటప్పటికే ఆ కుర్చీలో పాతుకుపోయి ఉంది. ఓనర్లు మారారు, గోడల రంగులు మారాయి, మైకులు మారాయి. ఆవిడా, ఆవిడ మజ్జిగ క్యానూ మాత్రం అక్కడే ఉండేవి.

ముందు ఆ మజ్జిగ సంగతి చెప్పాలి. యూసుఫ్‌గూడలో ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే స్టీలు క్యాను నిండా మజ్జిగ చిలికి, అల్లం దంచి వేసి, మూత మీద తడి గుడ్డ చుట్టి తెచ్చేది. బస్సు దిగి, ఆ క్యానుతో ఎత్తు రోడ్డెక్కి వచ్చేసరికి సగం మజ్జిగ తనకే కావాల్సిన స్థితిలో ఉండేది. అయినా చుక్క ముట్టేది కాదు. "ఇది వచ్చేవాళ్ళకండీ" అనేది.

వచ్చేవాళ్ళంటే వాయిస్ టెస్టుకి వచ్చేవాళ్ళు. తెర మీద ఎవరివో పెదాలు కదులుతుంటే ఇక్కడ మైకు ముందు నిలబడి వాటికి తగ్గట్టు మాట్లాడి చూపించాలి. కుదిరితే వేషం తెర మీద వాళ్ళది, గొంతు వీళ్ళది. కుదరకపోతే? మా పరిశ్రమలో 'వద్దు' అనే మాట ఎవరి నోటా రాదు. అందరూ మహా మర్యాదస్తులు. భుజం తట్టి, "బాగా చెప్పారు, మేం ఫోన్ చేస్తాం" అంటారు. కృష్ణానగర్ గదుల్లో ఆ ఫోన్ కోసం స్నానానికి కూడా వెళ్ళకుండా కూర్చున్నవాళ్ళని నేనెరుగుదును.

మా మేడం ఆ మాట అనేది కాదు. లోపల డైరెక్టరు వద్దని తల అడ్డంగా ఊపాడో లేదో, బయట మొహమ్మీదే చెప్పేసేది. "ఈసారికి కాలేదండీ. రండి, మజ్జిగ తాగి వెళ్ళండి."

ఒకసారి ఒకమ్మాయి అక్కడికక్కడే బావురుమంది. ఈవిడ కంగారు పడలేదు. ఆ పిల్ల చేతిలోని సంచీ అందుకుని, "ఏడిస్తే ఇక్కడే ఏడ్చేయండి, బస్సులో వద్దు. ఆ ఫ్యాను కింద కూర్చోండి, గాలొస్తుంది" అంది. పిల్ల ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. రెండు గ్లాసులు తాగి మరీ వెళ్ళింది.

మా ఓనరుగారికి ఈ పద్ధతి మింగుడు పడేది కాదు. "అలా కుండబద్దలు కొట్టినట్టు చెబితే ఎలా మేడం? ఫోన్ చేస్తామంటే మన సొమ్మేం పోతుంది?" అని విసుక్కునేవాడు.

"మనదేం పోదండీ. పోయేది వాళ్ళకే. కాలేదని చెబితే రేపు ఇంకో గుమ్మం ఎక్కుతారు. ఫోన్ చేస్తామంటే ఫోన్ దగ్గరే కూర్చుంటారు" అనేది. ఓనరుగారు గొణుక్కుంటూ లోపలికి వెళ్ళేవాడు. మర్నాడు మళ్ళీ అదే పాట.

ఇక ఆవిడ ఫోన్ మాట! రిసీవర్ ఎత్తితే చాలు, "నమస్కారమండీ, డబ్బింగ్ థియేటరండీ, చెప్పండి" అని తేనె ఒలికేది. ఎంత తియ్యగా అంటే, మాది కృష్ణా జిల్లా అయి ఉండి కూడా, ఈవిడది మా పక్క ఊరేమో, ఏ వరసకో చుట్టం కూడా అయి ఉంటుందేమో అనుకున్నాను. చేరిన కొత్తలో ఒకరోజు నీళ్ళ ట్యాంకరు రాలేదని గేటు దగ్గర గొడవ. బయటికి వచ్చి చూస్తే మా మేడమే, వాచ్‌మన్ యాదగిరి మీద విరుచుకుపడుతోంది.

"ఏంది యాదగిరీ గిట్ల జేస్తివి? పొద్దుగాల్నే ఫోన్ కొట్టమంటి గదా! గాడ ఆర్టిస్టులొచ్చి కూసున్నరు. నీకు జర గూడ ఫికర్ లేదా?"

"కొట్టిననక్కా. ఎత్తుతలేడు, నేనేం జేతు?"

అంతలో లోపల ఫోన్ మోగింది. ఆవిడ ఒక్క అంగలో లోపలికెళ్ళి రిసీవర్ ఎత్తి, "నమస్కారమండీ, డబ్బింగ్ థియేటరండీ" అంది. అదే మనిషి, అదే గొంతు. నాకు తల తిరిగినంత పనైంది.

ఆవిడ పుట్టింది, పెరిగింది, కాపురం చేస్తున్నది అంతా యూసుఫ్‌గూడలోనే. ఆ 'అండీ' అంతా ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నదే. రిసీవర్ చేతిలో ఉంటే చాలు, ఎదుట ఎవరున్నా ఆ మాటే వచ్చేది. వాళ్ళాయన మధ్యాహ్నం పూట ఆఫీసుకి ఫోన్ చేస్తే, "భోంచేశారా అండీ?" అని అడిగేది. అవతల ఆయన నవ్వు ఇవతల మాకు వినపడేది. "గిదేందే, నాతోని గూడ అండీ ఏందీ?" అని.

థియేటర్‌లో ఇంకో ముచ్చట ఉండేది. పెళ్ళి సీనో, సంత సీనో వస్తే గుంపు గొంతులు కావాలి. ఆర్టిస్టులు తక్కువైతే ఆఫీసులో ఉన్నవాళ్ళందరినీ పట్టుకొచ్చి మైకు చుట్టూ నిలబెట్టి గోల చేయించేవాళ్ళం. మేడం ఆ పిలుపు కోసమే కాచుకుని ఉన్నట్టు పరుగెత్తుకొచ్చేది. సంత సీనులో మిగతావాళ్ళు ఏదో గజిబిజిగా అరుస్తుంటే ఈవిడ నిజంగానే వంకాయలు బేరమాడేది. "మేడం, మాటలు విడిగా తెలియకూడదు, ఒట్టి సందడి చాలు" అని నేను లోపల్నుంచి మొత్తుకునేవాణ్ణి. "అలాగేనండీ" అని చిన్నబుచ్చుకునేది. సినిమా విడుదలయ్యాక సోమవారం పొద్దున్నే నా గదికొచ్చి, "అంతమంది అరుపుల్లో నాది కొంచెమైనా ఉంచారా అండీ?" అని అడిగేది. ఉంచానని చెప్పేవాణ్ణి. ఉంచేవాణ్ణి కూడా, ఒట్టు.

ఆ అడగటంలో ఉన్న ఆశ ఎంతటిదో నాకు ఆవిడ రిటైరయ్యే నెలలో గానీ తెలియలేదు.

సన్మానానికి ఏం కొనాలో కనుక్కోమని ఓనరుగారు నన్ను పంపాడు. శాలువా ఎలాగూ తప్పదు. దాంతోపాటు వెండి కుంకుమభరిణా, గోడ గడియారమా? టీ తాగుతూ మెల్లిగా కదిపాను.

"అడగమంటే అడుగుతాను. నవ్వకూడదు మరి" అంది.

"నవ్వను, చెప్పండి."

"నాకో వాయిస్ టెస్టు ఇప్పించండి."

టీ గొంతుకడ్డం పడింది. దగ్గు ఆగేదాకా ఓపిగ్గా చూసి, అప్పుడు చెప్పింది. అసలు ఆవిడ ఈ థియేటర్ గుమ్మం మొదటిసారి ఎక్కిందే వాయిస్ టెస్టుకట. అప్పుడు కొత్తగా పెళ్ళైంది. గొంతు బాగుంది కానీ యాస పనికిరాదనుకున్నారట. ఆ రోజుల్లో ఆ మాట తెర మీద వినపడితే రౌడీ నోటో, జోకరు నోటో వినపడాలి. హీరో అమ్మకి పనికిరాదు. ఆ సంగతైనా తిన్నగా చెప్పారా? మేం ఫోన్ చేస్తామన్నారు. ఇంట్లో ఫోన్ లేక కిరాణా కొట్టు నంబరు ఇచ్చింది. ఆ కొట్టు ముందు రోజూ వెళ్ళి నిలబడేదట. కొట్టాయన జాలిపడి, "ఇంటికి పో బిడ్డా, వస్తే నేనే పిలుస్త" అనేదాకా నిలబడిందట. చివరికి తనే వచ్చి అడిగితే, అప్పటి పెద్ద ఓనరు, "వేషాల సంగతి తరవాత చూద్దాం, ఫోన్ దగ్గర మనిషి కావాలి, చేస్తావా? 'అండీ' మాత్రం నేర్చుకోవాలి" అన్నాడట.

"నేర్చుకున్నాను. ఉద్యోగం నిలబడింది, పిల్లలు చదువుకున్నారు. నాకేం బాధ లేదండీ" అంది. "కానీ ఇప్పుడు మన థియేటర్‌లో జరుగుతున్న సినిమా ఉంది చూడండి, అందులో నాయనమ్మది నా మాటే. నటించినావిడది వేరే రాష్ట్రం. గొంతు కోసం ఎంతమందిని పిలిచినా కుదరట్లేదు. పిలిచింది నేనే కదా, నాకు తెలియదా! ఒక్కసారి మైకు ముందు ఒంటరిగా నిలబడి మాట్లాడాలని ఉంది. కాలేదంటే కాలేదని చెప్పండి. మజ్జిగ నా దగ్గరే ఉంది."

నవ్వనని మాటిచ్చాను కదా, నవ్వలేదు. నవ్వొస్తే కదా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు.

డైరెక్టరు వరంగల్ వైపు కుర్రాడు. విషయం చెబితే, "ట్రై చేద్దామన్నా, పోయేదేముంది" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం థియేటర్ ఖాళీ. ఆ ఖాళీ పూట ఎవరికీ ఇవ్వకుండా ఆవిడే ఆపి ఉంచిందని తరవాత తెలిసింది.

సీను చిన్నదే. అలిగి ఊరొదిలి పోయిన మనవడు గుమ్మంలో నిలబడి ఉంటాడు. నాయనమ్మ చూసి, "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? మొఖమంత గుంజుకపాయె. తిన్నవా, లేదా?" అనాలి. ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, కొప్పు బిగించి మైకు ముందు నిలబడింది. నేను రికార్డింగ్ మొదలుపెట్టాను.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? మొఖమంత గుంజుకపాయె. తిన్నవా, లేదా అండీ?"

డైరెక్టరు పగలబడి నవ్వాడు. ఆవిడ నాలుక్కరుచుకుంది. మళ్ళీ చెప్పింది. ఈసారి 'అండీ' రాలేదు గానీ, మనవణ్ణి కాదు, థియేటర్ బుక్ చేయడానికి ఫోన్ చేసిన నిర్మాతని పలకరిస్తున్నట్టుంది. ఇంకోసారి. ఉహూఁ. అన్నేళ్ళూ ఫోన్ రిసీవర్‌లో మర్యాదగా మాట్లాడి మాట్లాడి, మైకు కనపడగానే సొంత మాట లోపలికెళ్ళి దాక్కుంటోంది. అద్దం అవతల ఆవిడ మొహం వాడిపోయింది. గొంతులు పట్టడమే కదా నా పని, ఇదెలా పట్టుకోవాలో నాకు తోచలేదు.

ఆవిడే తేరుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని, "రికార్డిస్టు గారూ, కొంచెం యాదగిరిని లోపలికి పంపిస్తారా అండీ?" అంది.

యాదగిరి చెప్పులు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు వచ్చాడు. ఆవిడ అతన్ని మైకుకి అవతల నిలబెట్టి, "గీడ నిలబడు. గమ్మునుండు. ఊపిరి గూడ గట్టిగ తియ్యకు, సమజయిందా?" అంది. యాదగిరి బిగుసుకుపోయి తలూపాడు. నేను టేక్ మొదలుపెట్టాను. ఆవిడ తెర వైపు ఓ కన్ను వేసి, యాదగిరి మొహంలోకి చూసింది.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? మొఖమంత గుంజుకపాయె. తిన్నవా, లేదా?"

అచ్చంగా గేటు దగ్గర వినపడే గొంతు, ఆ కసురూ, ఆ ప్రేమా అన్నీ ఉన్నాయి. అమ్మయ్య, వచ్చేసింది అనుకునేంతలో యాదగిరి పలికాడు.

"తిన్ననక్కా. పొద్దుగాల ఇంత ఉప్మా తిన్న."

"ఓ నీ యాదగిరీ! నిన్నెవడు చెప్పమన్నడయ్యా!" అని మైకులోనే అరిచింది. నేనూ, డైరెక్టరూ కుర్చీల్లోంచి పడిపోయేంతగా నవ్వాం. యాదగిరి చెవులు పట్టుకుని, "అక్క అట్ల అడిగితె చెప్పకుంట ఎట్లుంటరు సార్?" అని మమ్మల్నే అడిగాడు. తరవాతి టేకుకి రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆ టేకు ఓకే అయింది.

డైరెక్టరు మళ్ళీ వేయించుకుని విన్నాడు. ఇంకోసారి విన్నాడు. లేచి ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "మంచిగ చెప్పిన్రు మేడం. ప్రొడ్యూసర్‌కి వినిపిస్త" అన్నాడు. అంతటితో ఆపినా బాగుండేది. పాపం, వాడికేం తెలుసు! "మేం ఫోన్ చేస్తాం" అన్నాడు.

థియేటర్ చల్లబడిపోయింది. యాదగిరి నోటి మీద చేతులు తియ్యలేదు. ఆ మాటంటే ఏమిటో గేటు దగ్గర నిలబడేవాడికి కూడా తెలుసు. ఆవిడ మాత్రం, "మంచిదండీ" అంది. ముందు గదిలోకి వెళ్ళి క్యాను మూత తీసి మా అందరికీ మజ్జిగ పోసింది. ఆఖర్న ఒక గ్లాసు తనకీ పోసుకుని, ఫ్యాను కింద కూర్చుని తాగింది. ఆ క్యానులో మజ్జిగ ఆవిడ తాగగా చూడటం నాకదే మొదలు.

ఆ కుర్రాడి మీద నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను మాట్లాడతాను, అవునో కాదో తేల్చమంటాను" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "మీరు అడిగితే మొహమాటానికి అవునంటాడండీ. అలాంటి అవును నాకెందుకు?" అంది. కానీ ఆ మిగిలిన రోజుల్లో ఆవిడ ఎప్పుడూ లేనిది రెండో గంట మోగకుండానే రిసీవర్ ఎత్తేసేది. "నమస్కారమండీ" అన్నాక అవతలివాళ్ళ మాట వినేలోపు ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. నేను నా గది తలుపు సందులోంచి చూస్తూ ఉండేవాణ్ణి. రోజూ ఎవరెవరో చేసేవాళ్ళు, ఆ సినిమా వాళ్ళు తప్ప.

ఆఖరి రోజు వచ్చేసింది. థియేటర్‌లోనే సభ. తెర ముందు బల్ల, బల్ల మీద కేకు, మెడలో బంతిపూల దండ, భుజాన శాలువా. మా వాళ్ళు ఒకరి తరవాత ఒకరు లేచి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి మేడం, తీర్థయాత్రలు చేయండి, మనవలతో ఆడుకోండి అని దీవించినట్టు చెప్పారు. ఆవిడ అన్నిటికీ నవ్వుతూ తలూపింది. నాకు మాత్రం ఒక్కో మాటా ఫోన్ పెట్టేసిన చప్పుడులా వినపడింది.

నా వంతు వచ్చింది. ఏం చెప్పాలి? ఎంతోమందికి ఆశ తెంచి, ఆ తెంచడంలోనే దారి చూపించిన మనిషికి, ఆశ పెట్టి వదిలేశాం. అది చెప్పే చోటా ఇది? గొంతు సవరించుకుని, "మేడం గురించి చెప్పాలంటే..." అన్నాను.

ముందు గదిలో ఫోన్ మోగింది.

కొత్తగా చేరిన అమ్మాయి లేవబోయింది. మేడం చెయ్యి అడ్డం పెట్టి, దండతో, శాలువాతో అలాగే పరుగెత్తింది. అందరూ గొల్లుమన్నారు. "రిటైరైనా ఫోన్ వదలదు!" అన్నాడు ఓనరుగారు. తలుపు తెరిచే ఉంది. ఆవిడ మాకు కనపడుతోంది, మాట స్పష్టంగా వినపడుతోంది.

"నమస్కారమండీ, డబ్బింగ్ థియేటరండీ, చెప్పండి... ప్రొడ్యూసర్ గారి ఆఫీసా అండీ?... ఎవరి నంబరు కావాలండీ?... నాయనమ్మకి టెస్టు చెప్పినావిడదా అండీ?"

గదిలో నవ్వులు ఆగిపోయాయి. గేటు దగ్గరుండాల్సిన యాదగిరి ఎప్పుడొచ్చాడో గుమ్మంలో ఉన్నాడు.

"ఎందుకండీ, ఏమైనా కాలేదని చెప్పడానికా?... సినిమా మొత్తమా?... రేపేనా అండీ?... పదింటికా?"

ఆవిడ దండ తీసి ఫోన్ పక్కన పెట్టింది. రిసీవర్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. తరవాత అన్నది మేమందరం విన్నాం.

"నంబరెందుకు బిడ్డా? నేనే. వస్త."

యాదగిరి ఈల వేశాడు. నిజంగా వేశాడు, సినిమా హాల్లో వేసినట్టు. ఆవిడ తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుని, కొంగుతో కళ్ళొత్తుకుని నా వైపు చూసింది. నేనింకా అలాగే నిలబడి ఉన్నాను.

"ఏమో చెప్తుంటిరి, చెప్పున్రి" అంది.

"చెప్పడానికేం లేదు మేడం. రేపు పదింటికి మైకు సిద్ధంగా పెడతాను" అన్నాను.

అన్నేళ్ళలో నన్ను 'మీరు' తప్ప ఇంకో మాట అనని మనిషి, శాలువా మడత పెడుతూ నన్ను కసిరింది.

"పదింటికి గాదు, తొమ్మిదిన్నరకే పెట్టు బిడ్డా. యాదగిరికి నోరు మూసుకునుడు నేర్పాలె."